ముట్టుకాడులో మన చుట్టిల్లు

చెన్నైలో పెళ్లి అయిపోయాక రెండు రోజులు చేతిలో మిగిలాయి. మహాబలిపురం వెళ్లే దారిలోనే దక్షిణచిత్ర ఉంది కదా, ఒక పూట అక్కడ ఆగుదామని అమ్మను బయల్దేరదీశాను. "మ్యూజియం అంటే కాళ్లు లాగుతాయిరా" అని గొణుగుతూనే వచ్చింది.

సిటీ నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద సుమారు పాతిక కిలోమీటర్లు వెళ్తే ముట్టుకాడు. అక్కడ సముద్రానికి దగ్గర్లో పదెకరాల స్థలం. వస్తువుల్ని అద్దాల పెట్టెల్లో పెట్టి చీటీలు అంటించిన మ్యూజియం కాదిది. దక్షిణాది పల్లెల్లో పడగొట్టడానికి సిద్ధంగా ఉన్న పాత ఇళ్లను కొని, స్తంభాలు, తలుపులు, దూలాలు విడివిడిగా తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఆ ఊళ్ల కట్టుబడి చూసి కొత్తగా కట్టినవి కూడా ఉన్నాయి. డెబోరా త్యాగరాజన్ 1984లో మొదలుపెట్టిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ దీన్ని 1996 డిసెంబరులో తెరిచింది. ప్లాన్ విషయంలో లారీ బేకర్ చెయ్యి ఉంది. మట్టి, ఇటుకలతో చవగ్గా, చల్లగా ఉండే ఇళ్లు కట్టినాయన.

జనమంతా చెట్టినాడు ఇంట్లోనే. నున్నటి టేకు స్తంభాలు, పెద్ద వాకిలి, ఫొటోలకు బాగుంటుంది. నాకైతే కేరళ సిరియన్ క్రిస్టియన్ల చెక్క ఇల్లు ఎక్కువ నచ్చింది. అందులో గుమ్మం దగ్గరే ధాన్యం గది, ఇంట్లోకి వెళ్లాలంటే వడ్ల పక్క నుంచే వెళ్లాలి. ఇంటి యజమాని లెక్క ఏమిటో దాంట్లోనే తెలిసిపోతుంది.

మన వైపువి రెండు ఇళ్లు. ఒకటి నల్గొండ వైపు ఇక్కత్ నేసే పద్మశాలీలది. చిటికి కట్టడం చాలామందికి తెలిసిందే: నేత మొదలుకాక ముందే నూలును లెక్క ప్రకారం ముడులు వేసి రంగులో ముంచుతారు, బొమ్మ ముందు దారంలో పుట్టి తర్వాత బట్టలోకి వస్తుంది. మగ్గం చూడగానే నాకు ఆసు గుర్తొచ్చింది, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టే పని. ఒక్క చీరకు తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలట. ఆ పనితో తల్లి భుజాలు పడిపోతుంటే చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మగ్గం దగ్గర సెల్ఫీ తీసుకుంటున్న పిల్లలకు ఈ సంగతి చెప్పబోతే వాళ్లు అప్పటికే బయటికి పరుగెత్తారు.

రెండోది విశాఖ తీరప్రాంతపు చుట్టిల్లు. అమ్మ దాని ముందు ఆగిపోయింది. గుండ్రటి మట్టిగోడ, నేలకు దగ్గరగా దిగిన కప్పు. ఆవిడ పుట్టింది సోంపేట వైపు, అలాంటి ఇంట్లోనే. ఎవరూ చెప్పకుండానే చూరు కింద తల వంచి లోపలికి వెళ్లింది. నేను వంచలేదు, నుదురు తగిలింది. "ఏటిరా, ఇన్నాళ్లూ ఏ ఇంట్లో పెరిగావు?" అని నవ్వింది. గాలికి మూల దొరక్కూడదనే గుండ్రంగా కడతారట, ఎటు నుంచి కొట్టినా గోడ వెంట జారిపోతుంది. తుపాను అన్నప్పుడల్లా తాతయ్య కప్పు మీదుగా తాళ్లు వేసి మేకులకు కట్టేవాడని, ఆ రాత్రంతా గొడ్లు కూడా తమతోపాటే లోపల ఉండేవని చెప్పింది. అరచేత్తో గోడను నిమిరి, "పేడ అలుకు తక్కువైంది" అని తీర్పు కూడా ఇచ్చేసింది. 2018లో తిత్లీ తుపాను వచ్చేసరికి ఆ ఊళ్లో ఒక్క చుట్టిల్లు లేదు. కొబ్బరిచెట్లతో పాటు మేనమామ ఇంటి రేకులు కూడా ఎగిరిపోయాయి. అందుకని రేకులు వద్దు, మట్టిల్లే మేలు అనను. ఏటా కప్పు నేయించే ఖర్చు, చెద అమ్మకు బాగా గుర్తే.

ఇక వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. పొద్దున పదింటికే చేరండి. ఇంటికీ ఇంటికీ మధ్య ఎండలో నడవాలి, మధ్యాహ్నం ఉక్కపోత తట్టుకోలేం. పెద్దవాళ్లుంటే మూడు గంటలు చాలు, పిల్లలుంటే కుమ్మరి చక్రం దగ్గరే గంట పోతుంది. భోజనం లోపలే దొరుకుతుంది. తిరువాన్మియూర్ నుంచి మహాబలిపురం వైపు బస్సులు ఉన్నాయి, క్యాబ్‌లో వెళ్లేవాళ్లు మాత్రం తిరుగు ప్రయాణం ముందే మాట్లాడుకోండి. మా డ్రైవరు దింపేసి మాయమయ్యాడు, రోడ్డు మీద నలభై నిమిషాలు నిలబడ్డాం. రాత్రికి దిగిన హోటల్లో "సీ వ్యూ" అంటే కిటికీలోంచి పక్క లాడ్జి వాటర్ ట్యాంకు, దాని వెనక జానెడు సముద్రం. మ్యూజియం ఆవరణలోనే గెస్ట్‌హౌస్ ఉందని తర్వాత తెలిసింది.

మంగళవారం సెలవు. మేం మొదట అనుకున్నది మంగళవారమే, అమ్మ "మంగళవారం ప్రయాణం వద్దు" అని పట్టుబట్టబట్టి బతికిపోయాం.