అన్నవాహిక సిరలు ఉబ్బితే: కార్వెడిలాలా, బ్యాండింగా?

సిర్రోసిస్‌లో (కాలేయం దెబ్బతిని గట్టిపడే జబ్బు) అన్నవాహిక సిరలు బాగా ఉబ్బాయి, రక్తస్రావం మాత్రం ఇంకా కాలేదు. అప్పుడే ఈ ప్రశ్న.

శ్రమ: కార్వెడిలాల్ (బీటా బ్లాకర్ రకం మందు) రోజువారీ మాత్ర; 6.25 మి.గ్రా.తో మొదలుపెట్టి, తట్టుకుంటే 12.5కు పెంచుతారు. బ్యాండింగ్‌కైతే (ఉబ్బిన సిరలకు చిన్న రబ్బరు బ్యాండ్లు బిగించడం) సిరలు మూసుకుపోయేదాకా కొన్ని వారాలకోసారి ఎండోస్కోపీ, ఆపైనా తనిఖీలు.

ఖర్చు: మాత్రే చవక.

ప్రమాదం: మాత్రతో బీపీ పడిపోవచ్చు, పై బీపీ 90 కంటే తగ్గితే మోతాదు తగ్గించాలి లేదా ఆపాలి. బ్యాండ్ రాలినచోట పుండుపడి రక్తం కారవచ్చు.

అసలు తేడా: బ్యాండ్ సిరను బిగిస్తుందే కానీ పోర్టల్ పీడనాన్ని (కాలేయానికి రక్తం తెచ్చే సిరలోని ఒత్తిడిని) తగ్గించదు. మాత్ర తగ్గిస్తుంది. 2019 నాటి ప్రెడెస్కి పరిశోధనలో బీటా బ్లాకర్లు ముఖ్యంగా కడుపులో నీరు చేరడాన్ని తగ్గించాయి.

ఆస్తమా, తక్కువ బీపీ ఉన్నవారికి బ్యాండింగ్. మిగతావారికి ముందు మాత్రే. ఒకసారి రక్తస్రావమయ్యాక సాధారణంగా రెండూ కలిపి.