పెద్ద టీమ్‌తో ఆడాలా, కప్‌కేక్ గేమ్‌లు పెట్టుకోవాలా: ప్లేఆఫ్‌కి ఏది మేలు?

2025లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో టెక్సస్‌కి ప్లేఆఫ్ (ఛాంపియన్‌ని తేల్చే సీజన్ చివరి నాకౌట్) రాకపోయేసరికి డాలస్‌లో ఏ ఇంటికి భోజనానికి వెళ్లినా ఇదే గొడవ, ఒహాయో స్టేట్‌తో వాళ్ల గ్రౌండ్‌లో మొదటి గేమ్ ఎవడు పెట్టుకోమన్నాడు, కొరివితో తల గోక్కోవడం కాదా అని. 14-7తో ఓడారు, సీజన్ 9-3తో, అంటే 9 గెలుపులు 3 ఓటములతో ముగిసింది, 12 టీమ్‌ల లిస్టులో పేరు లేదు. ఆ గేమ్ ప్లేస్‌లో ఏ చిన్న కాలేజీనో పిలిచి కప్‌కేక్ గేమ్, అంటే తేలిగ్గా గెలిచే గేమ్, పెట్టుకుని ఉంటే 10-2 అయ్యేదిగా అంటారు. నిజమే, కానీ ఆ ఏడాది 4-8తో మిగిలిన ఫ్లోరిడా చేతిలో కూడా ఓడారు, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఇంకోవైపు ఇండియానా. తమ కాన్ఫరెన్స్ (కాలేజీ టీమ్‌ల లీగ్) బయటి టీమ్‌లతో గేమ్‌లు మూడే, ఓల్డ్ డొమినియన్, కెన్నెసా స్టేట్, ఇండియానా స్టేట్, మూడూ సొంత గ్రౌండ్‌లోనే. చివరికి 16-0తో ఛాంపియన్లు అయ్యారు. అయితే వాళ్ల బలం తెలిసింది ఈ మూడు గేమ్‌లతో కాదు, తమ కాన్ఫరెన్స్ బిగ్ టెన్‌లో ఆరెగన్‌ని, ఒహాయో స్టేట్‌ని కొట్టడంతో.

నా లెక్కలో అసలు తేల్చేది ఓటముల సంఖ్యే. ప్లేఆఫ్‌ని 12 టీమ్‌లకి పెంచాక జరిగిన మొదటి రెండు సీజన్లలో, 2024, 2025లో, రెగ్యులర్ సీజన్‌లో 3 ఓడిన ఏ టీమ్‌కీ అట్-లార్జ్ సీటు (కాన్ఫరెన్స్ ఛాంపియన్ కాకపోయినా కమిటీ ఇచ్చే సీటు) రాలేదు. 2024లో క్లెమ్‌సన్ 3 ఓడి కూడా వచ్చింది కానీ అది కాన్ఫరెన్స్ ఛాంపియన్‌గా, వేరే దారిలో. అంటే చేతిలో ఉన్నవి రెండు ఓటములు, అందులో ఒకటి ఆగస్టులోనే ఖర్చు పెట్టేస్తే తర్వాత టెక్సస్ ఆడే కాన్ఫరెన్స్ ఎస్ఈసీలో జారడానికి ఒక్కటే మిగులుద్ది. 2026 నుంచి ఎస్ఈసీలో కాన్ఫరెన్స్ గేమ్‌లే 9 కాబట్టి ఇంకా కష్టం.

పెద్ద గేమ్ వల్ల లాభమే లేదా అంటే ఉంది, గెలిస్తే. 2025లో మయామీ మొదటి వారమే సొంత గ్రౌండ్‌లో నాటర్‌డామ్‌ని 27-24తో ఓడించింది, డిసెంబర్‌లో ఇద్దరూ 10-2, చివరి సీటు మయామీకే వెళ్లింది, వాళ్లు ఏకంగా ఫైనల్ దాకా పోయారు. అందుకే గేమ్ పెట్టుకుంటే సొంత గ్రౌండ్‌లో పెట్టుకోవాలి అంటాను. చిన్న కాన్ఫరెన్స్ టీమ్‌ల సంగతి వేరు, వాళ్లకి ఛాంపియన్ అవ్వడమే దారి, తులేన్, జేమ్స్ మాడిసన్ అలాగే వచ్చాయి.

లెక్క ప్రకారం కప్‌కేకే మేలు, ఒప్పుకుంటా. కానీ 2026 సెప్టెంబర్‌లో ఒహాయో స్టేట్ టెక్సస్ సొంతూరు ఆస్టిన్ రావాలి, ఆ గేమ్ రద్దు చేస్తామంటే మాత్రం ముందు గొడవ పెట్టుకునేది నేనే.