స్కర్టింగ్ కింది సందులకు సిలికాన్: కొన్నేళ్ల వాడకం తర్వాత

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మేముంటున్న ఫ్లాట్‌లో హాలుకూ వంటగదికీ విట్రిఫైడ్ టైల్స్, పడకగదికి లామినేట్ ఫ్లోరింగ్ (చెక్కలా కనిపించే పలకలు) వేశారు. హాల్లో స్కర్టింగుకూ (గోడ అడుగున అంచుగా అంటించే వరస) నేలకూ మధ్య మేస్త్రి నింపిన వైట్ సిమెంట్ ఏడాది తిరగకుండానే పొడిపొడిగా రాలిపోయింది. ఆ సందుల్లోంచి చీమలు బారులు తీరేవి. తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ నీళ్లు లోపలికి దిగి, స్కర్టింగ్ పైన గోడ రంగు పొక్కులు లేచేది. వైట్ సిమెంట్ గట్టిపడ్డాక సాగదు కనుక, నేల వెంట్రుకవాసి కదిలినా చీలక తప్పదు.

దాని స్థానంలో న్యూట్రల్ రకం (ఆరేటప్పుడు ఆమ్లం వదలని) సిలికాన్, అంటే సందులు పూడ్చే రబ్బరులాంటి సీలెంట్ పెట్టించాము. వెనిగర్ వాసన వచ్చే రకం చవకే అయినా, అది ఆరేటప్పుడు వెలువడే ఆమ్లం పాలరాయి వంటి రాళ్లపై మచ్చలు వేస్తుంది. మా గడపలు రాతివి కాబట్టి దాని జోలికి పోలేదు. పాత సిమెంటును బ్లేడుతో పూర్తిగా గీకి, దుమ్ము ఊడ్చి, సందు బాగా ఆరాక రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, ట్యూబును నొక్కే గన్నుతో సన్నగా నింపి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒక్క ఊపున నునుపు చేసి, పైపొర కట్టకముందే టేపు లాగేయాలి. ఇది గాలిలోని తేమతో పైనుంచి లోపలికి, రోజుకు సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడుతుంది. కాబట్టి ఒకటి రెండు రోజులు తడిగుడ్డ పెట్టకపోవడం మంచిది.

ఇన్నేళ్లకూ ఎక్కడా ఊడలేదు. గోటితో నొక్కితే ఇప్పటికీ రబ్బరులా లోపలికి వెళ్లి తిరిగి వస్తుంది. చీమల బారు కూడా ఆగింది, కనీసం ఆ దారిలో. అయితే సిలికాన్ దుమ్మును పట్టుకుంటుంది: వంటగది గుమ్మం దగ్గర తెల్లటి గీత ఎంత తోమినా వదలని బూడిదరంగుకు తిరిగింది. దానిపై పెయింటు నిలవదు, కొత్త సిలికాన్ కూడా సరిగా అంటుకోదు. మార్చాలంటే ఆ పట్టీ మొత్తం గీకవలసిందే. అందుకే తెలుపుకన్నా టైల్ రంగుకు దగ్గరి బూడిదరంగు మేలని నా అభిప్రాయం.

పడకగది సంగతి వేరు. లామినేట్ పలకలు నేలకు అతకకుండా తేలుతూ ఉంటాయి. వానాకాలంలో ఉబ్బి, మార్చి ఎండలకు కుంచించుకుపోతాయి కనుక, గోడ చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు. ఆ ఖాళీని పూడిస్తే పలకలు పైకి లేచే ప్రమాదం ఉంది. అక్కడ వడ్రంగి చేత సన్నటి చెక్క బీడింగు కొట్టించాము. మేకులు స్కర్టింగుకే, నేలకు కాదు. స్కర్టింగుకూ గోడకూ మధ్య మాత్రం పెయింటు వేయదగిన యాక్రిలిక్ సీలెంట్ వాడాము. అది ఆరుతూ కొంత కుంగుతుంది కనుక, వెడల్పైన చోట్ల రెండో పూత అవసరమైంది.

280 మిల్లీలీటర్ల సిలికాన్ ట్యూబు 5 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు గల సందుకు సుమారు 11 మీటర్లు వస్తుంది. సందు ఇంకా లోతుగా ఉంటే ముందు ఫోమ్ తాడు దూర్చి, ఆపై నింపితే సరిపోతుంది. తెరిచిన ట్యూబు ఎంతోకాలం నిలవదు, మూతిలోనే బిరుసెక్కుతుంది. కాబట్టి గదులు కొలిచాకే కొనండి.