చూరు కింది బొమ్మల కోసం కిల్పెక్ దాకా

బర్మింగ్‌హామ్‌లో మా అమ్మాయి దగ్గరున్న రెండు నెలల్లో చూసిన కోటలన్నీ ఇప్పటికే కలగాపులగం అయిపోయాయి. హెరిఫర్డ్‌షైర్‌లో కిల్పెక్ అనే పల్లెలో చూసిన చిన్న చర్చి మాత్రం కళ్లకు కట్టినట్టుంది.

హెరిఫర్డ్ ఊరి నుంచి నైరుతిగా 13 కిలోమీటర్లు. సొంత కారో, ట్యాక్సీయో ఉంటేనే మేలు. టికెట్టు లేదు, లోపల చందా పెట్టె ఉంది. చర్చి పక్కన టీ కొట్టు కూడా కనపడలేదు. ఊళ్లో ఒక పబ్ ఉంది.

1140 ప్రాంతంలో హ్యూ అనే నార్మన్ ప్రభువు (ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచినవాళ్లు నార్మన్లు) కట్టించాడంటారు. ఎర్ర ఇసుకరాయి కట్టడం. జనం కూర్చునే హాలు, దాని ముందు ఇంకాస్త చిన్న గది, చివర అర్ధవృత్తాకారంలో మన గర్భగుడి లాంటి భాగం. అంతే. అయితే లోపలికి తొందరపడొద్దు, అసలు సంగతంతా బయటే ఉంది.

దక్షిణ ద్వారం దగ్గరే మాకు అరగంట పట్టింది. గుమ్మం పైన ద్రాక్షతీగ లాంటి జీవవృక్షం. పక్క స్తంభాల మీద పాములు, తీగల్లో చిక్కుకున్న ఇద్దరు యోధులు. వాళ్ల గీతల లాగూల మడతలు తొమ్మిది వందల ఏళ్ల వానలకు కూడా చెరిగిపోలేదు. ఆ ఉలి పనితనాన్ని మెచ్చుకోవాలో, రాయి గట్టిదనాన్నో!

తర్వాత తల పైకెత్తి చుట్టూ తిరిగాం. చూరు కింద వరుసగా రాతి బొమ్మలు, ఇప్పటికి 85 మిగిలాయి. ఒక చోట కుక్కా కుందేలూ పక్కపక్కనే చెంపకు చెంప ఆనించుకుని ఉన్నాయి, పిల్లల కార్టూన్ బొమ్మల్లాగే. ఇంకో చోట రెండు చేతులతో యోని విప్పి చూపిస్తున్న స్త్రీ. షీలా నా గిగ్ అంటారట. "చర్చి గోడ మీద ఇదేమిటండీ?" అంది మా ఆవిడ. అలంపురం మ్యూజియంలో కాళ్లు ఎడంగా పెట్టి కూర్చున్న లజ్జాగౌరి దేవతను చూసినవాళ్లకు అంత ఆశ్చర్యం ఉండదు గానీ, ఇక్కడ ఎందుకు చెక్కారన్న దాని మీద పండితులకే ఏకాభిప్రాయం లేదు. చెడు చూపు తగలకుండా అని కొందరు, కామం పాపమని హెచ్చరించడానికి అని కొందరు.

చర్చి వెనకే మట్టి దిబ్బ, దాని మీద పాత కోట గోడల ముక్కలు. పది నిమిషాలు చాలు.

బస విషయంలో మాత్రం దెబ్బ తిన్నాం. మొదటి రాత్రి పల్లె వాతావరణం అని ఓ పొలం మధ్య గది తీసుకున్నాం. ఫోన్ సిగ్నల్ లేదు, రాత్రి భోజనం లేదని వెళ్లాక చెప్పారు. అమ్మాయి డబ్బాలో పెట్టిన ఆవకాయన్నం ఆదుకుంది. రెండో రాత్రి హెరిఫర్డ్‌లోనే ఉన్నాం, గది ఇరుకే గానీ కెథెడ్రల్‌కు (ఊళ్లోని పెద్ద చర్చికి) నడిచి పోవచ్చు. అక్కడ 1300 ప్రాంతం నాటి ప్రపంచ పటం, గొలుసులతో కట్టేసిన పుస్తకాలు తప్పక చూడాలి. దానికి టికెట్టుంది, ఇచ్చిన డబ్బుకు న్యాయమే.

దగ్గర్లోని రౌల్‌స్టన్ అనే పల్లె చర్చిలో తలకిందుల బొమ్మలున్నాయని, అదీ చూద్దామనీ అమ్మాయి పట్టుబట్టింది. కానీ మా ఆవిడ ఆ కుక్కనీ కుందేలునీ ఇంకోసారి చూడాలంది. రెండో ప్రదక్షిణ పూర్తయ్యేసరికి చీకటి పడింది.