ప్లాటులో చెట్లు కొలవడమా, ల్యాబ్‌లో డేటా పనా? అటవీ ఇంటర్న్‌షిప్‌కి ఏది మేలు?

వేసవి దగ్గర పడితే చాలు, బీఎస్సీ, ఎమ్మెస్సీ పిల్లలు ఇదే అడుగుతారు. అడవుల మీద పరిశోధన నేర్చుకోవాలంటే ప్లాట్లలో, అంటే పరిశోధన కోసం అడవిలో హద్దులు గుర్తించిన నేలలో, చెట్లు కొలిచే ఇంటర్న్‌షిప్‌కి వెళ్లాలా, ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే ల్యాబ్‌లో చేరాలా అని.

ల్యాబ్ పనిని తక్కువ చేయను. ఆర్, పైథాన్ కోడింగ్, ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే గూగుల్ ఎర్త్ ఇంజిన్ చేతికొస్తాయి, వాటికి ఉద్యోగాలూ ఉన్నాయి. కానీ ల్యాండ్‌శాట్, సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు అందరికీ ఉచితం. పట్టుదల ఉంటే ఇంట్లోనే చాలావరకు నేర్చుకోవచ్చు.

ప్లాటు పని అలా దొరకదు. తమిళనాడులోని ముదుమలైలో భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్లు 1988 నుంచి 50 హెక్టార్ల ప్లాటులో ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి చెట్టుకీ నంబరు బిళ్ల కట్టి, మళ్లీ మళ్లీ కొలుస్తున్నారు. పనామాలోని బారో కొలరాడో దీవిలో ఇలాంటి పని 1980ల మొదట్లోనే మొదలైంది.

నా దృష్టిలో అసలు తేల్చేది ఒక్కటే: ఫైల్లో ఉన్న అంకె ఎలా పుట్టిందో మీకు తెలుస్తుందా? మన అటవీ శాఖల్లో ఎక్కువగా 1.37 మీటర్ల ఎత్తున చెట్టు చుట్టుకొలత తీస్తారు. అంతర్జాతీయ ప్లాట్లలో 1.3 మీటర్ల దగ్గర వ్యాసం రాస్తారు. రెండు ఫైళ్లు కలిపేటప్పుడు చుట్టుకొలతను వ్యాసం అనుకున్నారంటే మందం మూడు రెట్లు దాటుతుంది. చెట్టు బయోమాస్ (ఎండు బరువు) మందానికి దాదాపు రెండున్నరవ ఘాతంలో పెరుగుతుంది కాబట్టి, అది పదిహేను రెట్లకు పైగా తేలుతుంది. కోడ్ ఎక్కడా ఎర్రర్ చూపించదు. టేపు పట్టి చిరుమాను, మద్ది కొలిచినవాళ్లకు మాత్రం ఆ అంకె చూడగానే అనుమానం వస్తుంది.

ఉపగ్రహ చిత్రాలతోనూ ఇదే చిక్కు. నల్లమలలాంటి ఆకురాల్చే అడవిని మార్చి, ఏప్రిల్ చిత్రంలో చూస్తే సగం అడవి పోయిందనిపిస్తుంది. భారత అటవీ సర్వే సంస్థ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తీసిన చిత్రాలు వాడేది అందుకే. పైగా వాళ్ల లెక్కలో హెక్టారు, ఆపైన ఉండి పది శాతం చెట్ల నీడ ఉన్న నేలంతా అటవీ విస్తీర్ణమే, మామిడి తోటలతో సహా. ఒక్కసారి ఆ నేల మీద నడిచొస్తే మ్యాపులో పచ్చరంగును అలా నమ్మబుద్ధి కాదు.

 

కాబట్టి మొదటి అవకాశమైతే నేను ప్లాటుకే వెళ్లమంటాను. చేరే ముందు రెండు విషయాలు అడగండి. అటవీ శాఖ అనుమతి ఇప్పటికే వచ్చిందా? రాకపోతే మీ రెండు నెలలూ దాని కోసం ఎదురుచూడటంతోనే గడిచిపోవచ్చు. మీరు కొలిచినదాన్ని మీరే ఎక్కించి, సరిచూసి, విశ్లేషించనిస్తారా? ఫారాలు నింపించుకుని పంపేస్తామంటే మాత్రం, క్షేత్ర పరిశీలనకు వారం రోజులైనా తీసుకెళ్లే ల్యాబ్ వెతుక్కోండి.