తొమ్మిదేళ్ళు ఆడాక అట్టబిళ్ళల గురించి నాలుగు మాటలు

యుద్ధపు ఆటలో పటం మీద ఒక సైనిక దళంగా పెట్టే అట్టబిళ్ళ అది. అర అంగుళం చదరం. ముదురు బూడిద రంగు. మధ్యలో చిన్న పెట్టె, అందులో ఇంటూ గుర్తు, అంటే పదాతి దళం. కింద ఎడమ పక్క దాని బలం, కుడి పక్క ఎంత దూరం నడవగలదో ఆ అంకె. ఎడమ పక్కన ఉండాల్సిన 4 లో ఏటవాలు గీత కత్తిరింపులో పోయి, నిలువు గీత ఒక్కటే మిగిలింది. కుడి అంచున మాత్రం పక్క బిళ్ళ తాలూకు ఆకుపచ్చ చార ఒకటి ఉచితంగా వచ్చింది. మా బావమరిది దాన్ని ట్యూబ్‌లైటు కిందికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసి, "బావా, గిది నాలుగా ఒకటా? సక్కగ చెప్పు" అన్నాడు. నా దళం కాబట్టి నేను నాలుగన్నాను. అతను ఒకటన్నాడు. ఆ పూట ఆట అక్కడే ఆగిపోయింది.

నేనుండేది నల్లగొండలో. అతను మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు లెక్కలు చూస్తాడు. తొమ్మిదేళ్ళుగా నెలకు రెండు ఆదివారాలు మా ఇంట్లో యుద్ధాలు ఆడుతున్నాం. చిన్నప్పుడు అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని పులి-మేక ఆడినవాళ్ళమే, ఇప్పుడు పటాలు పెద్దవయ్యాయి, అంతే. నా దగ్గర ఈ ఆటల పెట్టెలు మూడున్నాయి, మూడూ బయటి దేశం నుంచి తెప్పించినవే. షిప్పింగు, కస్టమ్స్ కలిపితే ఒక్కోటి అసలు ధరకు దాదాపు రెట్టింపు పడింది. అంత పెట్టి కొన్నది చివరికి అట్టముక్కలే కాబట్టి, ఆ అట్ట సంగతే చెప్తాను. ఆట నియమాల గురించి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఇది పాత వ్యవహారమే. అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ అనే ఆయన 1954 లో టాక్టిక్స్ అనే ఆటను అమ్మకానికి పెట్టాడు. ఇప్పుడు మనం ఆడే యుద్ధపు ఆటలన్నీ ఆ దారిలోనే వచ్చాయి. 1969 నుంచి స్ట్రాటజీ అండ్ టాక్టిక్స్ అనే పత్రిక సంచికతో పాటే ఒక ఆటను కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. పటం మడతపెట్టి, బిళ్ళల షీటు పెట్టి పంపేవాళ్ళన్నమాట. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, అప్పటి నుంచి ఇప్పటిదాకా బాగా వాడే కొలత అదే. కళ్ళు మసకబారిన మాలాంటి వాళ్ళ కోసం 16 మిల్లీమీటర్ల బిళ్ళలు కూడా వస్తున్నాయి. అర అంగుళంవైతే ఒక్క షీటులో 280 దాకా పడతాయి.

మొదటి పెట్టె బిళ్ళలు పల్చన, ఒక మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. తెరిచిన రోజున నిరాశపడ్డాను. రెండో పెట్టెవి రెండు మిల్లీమీటర్లు, చేతిలోకి తీసుకుంటే క్యారంబోర్డు కాయిన్ పట్టుకున్నట్టు ఉంటుంది. డబ్బుకు న్యాయం జరిగిందనిపించింది. తొమ్మిదేళ్ళ తర్వాత లెక్క తారుమారైంది. పల్చటివి ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. మందంవాటిలో ఇరవై, ముప్పై దాకా అంచుల దగ్గర పొరలు విడిపోయాయి.

దీనికి కారణం నాకు చెప్పింది గడియారం సెంటర్ దగ్గర పెళ్ళి పత్రికలు వేసే ప్రెస్సు ఆయన. బిళ్ళ అంటే ఒక్క అట్ట కాదు. మధ్యలో బూడిద అట్ట, పైన ఒక ప్రింటు కాగితం, కింద ఇంకో ప్రింటు కాగితం, మూడూ జిగురుతో అతికిస్తారు. తర్వాత చెక్కపలకలో సన్నటి ఉక్కు బ్లేళ్ళు బిగించిన డై పెట్టి మిషనులో నొక్కుతారు. స్వీటు డబ్బాలు, శుభలేఖల కవర్లు కోసేది కూడా అలాగే. ఖాళీ అయిన షీటు చట్రాన్ని ఆయన చేతికిస్తే వేలితో అంచు తడిమి, "బ్లేడు మొద్దుబారింది సార్, అట్టను కొయ్యలే, నలిపింది" అన్నాడు. నలిగిన చోట పొర వదులవుతుంది. అట్ట ఎంత మందంగా ఉంటే బ్లేడు అంత కష్టపడాలి. అదీ కాక మన ఊరి వాతావరణం. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, అట్టెంత? మేలో ఎండి పైకి లేచిన కాగితం జూలైలో ముసురుకు మెత్తబడి ఉబ్బుతుంది. రెండేళ్ళు అలా జరిగేసరికి వదులుగా ఉన్న అంచు నోరు తెరుస్తుంది. పళ్ళపుల్లతో ఫెవికాల్ రాసి, రెండు స్టీలు స్కేళ్ళ మధ్య పెట్టి రాత్రంతా బరువు పెడితే అతుక్కుంటుంది. కానీ ముప్పై బిళ్ళలకు అలా చేస్తూ కూర్చుంటే ఇంట్లో వాళ్ళు చూసే చూపు వేరేగా ఉంటుంది.

మందం వల్ల లాభమే లేదనను. పల్చటివి టేబుల్ ఫ్యాన్ గాలికి లేచిపోతాయి, ఒకసారి ఒక సైన్యం మొత్తం సోఫా కింద దొరికింది. వేళ్ళతో పట్టుకోవడానికి కూడా మందంవే సుఖం. కానీ ఒకే గడిలో ఐదు పేర్చామంటే అది మినారులా ఊగుతుంది. పక్కనున్నదాన్ని తీయబోతే ఇది కూలుతుంది, ఏది పైన ఉందో ఏది కింద ఉందో మళ్ళీ వాదన.

మూలల గురించి చెప్పాలి. బిళ్ళలు చట్రానికి మూలల దగ్గరే అంటుకుని ఉంటాయి. చేత్తో తుంచితే మూల మీద కాగితం గడ్డంలా మిగులుతుంది, లేదంటే పై పొర చిరిగి బిళ్ళతో పాటు వచ్చేస్తుంది. బ్లేడుతోనే విడదీయండి, తొందరపడొద్దు. తర్వాత గోళ్ళు కత్తిరించే కట్టర్‌తో నాలుగు మూలలూ తీసేయండి. 280 బిళ్ళలు, బిళ్ళకు నాలుగు మూలలు, లెక్కేసుకోండి. నాకు వారం పట్టింది. మా ఆవిడ సీరియల్ చూస్తుంటే నేను పక్కన కూర్చుని టిక్కు టిక్కుమని కత్తిరించేవాణ్ణి. మూలలు తీశాక పేర్చడం సులువు, అంచులు కూడా చెదరవు. మూడో పెట్టె బిళ్ళలకు గుండ్రటి మూలలు ముందే వచ్చాయి, షీటు వంచితే రాలిపోయాయి. ఆ ఒక్క సుఖానికే దానికి ఇంకో నక్షత్రం ఇస్తాను. లేజరుతో కోసినవి ఒక స్నేహితుడి దగ్గర చూశాను. కోత దివ్యంగా ఉంది గానీ అంచులన్నీ మసి, ఆడి లేచాక చేతులు బొగ్గు దించినట్టున్నాయి. తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడవాలట.

అయితే అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది చిరిగిన మూలో, పోయిన అంకో కాదు. మొదటి పెట్టెలో ఆట నడిచేదే కప్పులోంచి బిళ్ళ తీయడంతో. ఏ సేనాపతి బిళ్ళ వస్తే వాడి దళాలు కదులుతాయి. చూడకుండా తీయాలి. మూడో ఏడాదికి వచ్చేసరికి మా బావమరిదికి అదృష్టం విపరీతంగా కలిసొచ్చింది, కావలసినప్పుడు కావలసిన సేనాపతి వచ్చేవాడు. ఒక ఆదివారం నేనే కళ్ళు మూసుకుని కప్పులో వేళ్ళు పెట్టి చూశాను. ఒకదాని మూల లోతుగా కత్తిరించి ఉంది, నా గోళ్ళ కట్టర్ పనే. ఇంకోదాని పక్కన చట్రం తాలూకు చిన్న బొడిపె మిగిలి ఉంది. మిగతావాటి కంటే ఆ రెండూ వేలికి వెంటనే తగులుతున్నాయి. అడిగితే నవ్వాడు. "నేను చూడలే బావా, నా వేళ్ళకు తెలుస్తది, నేనేం జెయ్యాలె?"

అందుకని కొనేవాళ్ళు ఎవరైనా అడిగితే ముందు మందం చూడొద్దంటాను. షీటు ఫోటో దొరికితే తెచ్చుకుని, అంకెకూ అంచుకూ మధ్య ఖాళీ ఎంత వదిలారో చూడండి. ప్రింటు ఒకసారి, కటింగు ఇంకోసారి జరుగుతాయి కాబట్టి కాస్త జరగడం మామూలే. అంకెను అంచుకు ఆనించి వేసినవాళ్ళు ఆ జరుగుడుకు చోటివ్వలేదన్నమాట. రంగులు కూడా చూడండి. లేత గోధుమ రంగు దళానికి పసుపు అంకె వేసిన మహానుభావులున్నారు, రాత్రి కరెంటు డిమ్ముగా ఉన్నప్పుడు అది సున్నా అయినా ఎనిమిదైనా మనకు ఒకటే.

ఆ 4 బిళ్ళ మీద నల్ల పెన్నుతో పోయిన గీత గీశాను, ఇద్దరం సంతకం పెట్టుకున్నంత పని చేశాక. సేనాపతుల బిళ్ళలు ఇప్పుడు కప్పులో వేయడం లేదు. మా పిల్లల హౌజీ డబ్బాలోని ప్లాస్టిక్ నంబర్లు వేస్తున్నాం. 7 వస్తే అతని సేనాపతి, 12 వస్తే నావాడు. ఇప్పుడు మా బావమరిది అంత తరచుగా గెలవడం లేదు.