సౌరకుటుంబ ధూళికి ఐరాస్ డేటానా, స్పిట్జర్ డేటానా?

ధూళి మీద ప్రాజెక్ట్ మొదలుపెట్టే విద్యార్థికి వచ్చే మొదటి టెన్షన్ ఇదే. ఐరాస్, స్పిట్జర్ రెండూ పరారుణ కాంతిలో ఆకాశాన్ని చూసిన అంతరిక్ష టెలిస్కోపులు.

ఖర్చు: రెండూ ఉచితం. కాల్‌టెక్ ఆర్కైవ్ నుంచి ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

చూపు: ఐరాస్ 1983లో పది నెలల్లో ఆకాశంలో 96 శాతం తడిమింది. అద్దం 57 సెంటీమీటర్లే, బొమ్మ మసక. అయినా గ్రహశకలాలు ఢీకొనగా మిగిలిన ధూళి పట్టీలు, తోకచుక్కలు దారిపొడవునా వదిలిన జాడలు మొదట దొరికింది దానికే. అంత విశాలమైనవి ఆకాశమంతా చూస్తేనే బయటపడతాయి.

స్పిట్జర్ అద్దం 85 సెంటీమీటర్లు, గురిపెట్టిన చోటే చూసేది. శని చుట్టూ ఉన్న ఫీబీ వలయాన్ని 2009లో పట్టించింది అదే. మామూలు వెలుగులో దాదాపు కనిపించని చల్లని ధూళి పరారుణంలో మెరిసింది! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

శ్రమ: ఐరాస్‌లో ఎక్కువ. స్కాన్ చారలు తీసేయాలి, భూమి కదిలేకొద్దీ మారే నేపథ్య కాంతినీ సరిచేయాలి.

రిస్క్: స్పిట్జర్‌లో ఎక్కువ. మీకు కావలసిన చోటు అది చూసి ఉండకపోవచ్చు. 2009 మేలో టెలిస్కోపును చల్లబరిచే హీలియం అయిపోయాక మిగిలిన 3.6, 4.5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాలు చల్లని ధూళికి చాలవు.

ధూళి పట్టీలకైతే ఐరాస్ తీసుకోండి. ఒకే తోకచుక్క జాడకో, వలయానికో అయితే స్పిట్జర్, అదీ 2009 మేకి ముందు డేటా.